సైనైడ్ దిబ్బలు, చిన్న బ్యాటరీలు

1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్ గనులకు కరెంటు వచ్చిన సంగతి మనకు తెలిసిందే. అక్కడ కంటికి కనపడని ఇంకో కరెంటూ పనిచేసింది. పొడిచేసిన రాతిని సైనైడ్ నీళ్లలో కలిపితే బంగారం ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ప్రతి బంగారు రేణువూ ఓ చిన్న బ్యాటరీ అన్నమాట.

1964లో అమెరికాలో ఎంజైములతో తొలి బయోఫ్యూయల్ సెల్ చేశారు. గ్లూకోజు ఎలక్ట్రాన్లను ఇస్తుంది, ఆక్సిజన్ తీసుకుంటుంది. ఎంజైము కొట్టుకుపోకుండా దాన్ని ఎలక్ట్రోడ్‌కు అంటిస్తారు. ఆ ఎలక్ట్రోడ్ కొన్నిసార్లు బంగారమే! సైనైడ్‌తో పనిలేదు.

2001లో మన గనులు మూతపడ్డాయి, దిబ్బలు మిగిలాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకే. సైన్సు చదివే మన పిల్లలు ఏ కొత్త విద్య గురించైనా ‘ఎలా పనిచేస్తుంది?’ అని అడిగి ఊరుకోకూడదు. పనయ్యాక మిగిలేదాన్ని ఎవరి వాకిట్లో పోస్తారనీ అడగాలి.