రుజువు చెయ్యాల్సింది ఎవరు? చట్టాన్ని చరిత్రగా చదవడం

చట్టం గురించిన రచనలంటే మనవాళ్లకి రెండు రకాల బెరుకు. ఆ భాష మనకు కొరుకుడు పడదన్నది ఒకటి. అది వకీళ్ల పని, మనది కాదన్నది రెండోది. దీనివల్ల ఏం జరిగిందంటే, మన వాడల మీద జరిగిన దాడుల గురించి కరపత్రాలు చదివాం, పాటలు కట్టుకున్నాం, నిజనిర్ధారణ కమిటీల నివేదికలు దాచుకున్నాం. అదే దాడి గురించి కోర్టు ఏం రాసిందో మాత్రం చదవలేదు. తీర్పు వచ్చిన రోజున "శిక్ష పడింది" అనో "కొట్టేశారు" అనో ఒక మాట వింటాం. ఏ కారణం చెప్పి కొట్టేశారని అడిగితే చెప్పగలిగినవాళ్లు తక్కువ.

మేము కొందరం కొంతకాలంగా చట్టాల పాఠాలనీ, తీర్పులనీ పక్కపక్కన పెట్టుకుని చదువుతూ వస్తున్నాం. వాటిని మతగ్రంథాల్లాగా కాకుండా చరిత్ర పత్రాలుగా చదవాలన్నది మా ప్రయత్నం. ఈ చదువులో మాకు పదేపదే అడ్డంపడిన ప్రశ్న ఒక్కటే: రుజువు చెయ్యాల్సింది ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే తొంభై ఏళ్ల పైబడిన చట్టం చరిత్ర వేరుగా కనిపిస్తుంది.

మహద్ నుంచి మొదలుపెడదాం. 1927 మార్చి 20న డా. అంబేద్కర్ నాయకత్వంలో వేలాదిమంది చవదార్ చెరువు నీళ్లు తాగిన సంగతి మనందరికీ తెలుసు. ఆ తర్వాత సవర్ణులు చెరువుని "శుద్ధి" చేసుకున్న సంగతీ తెలుసు. ఆ డిసెంబరులోనే వాళ్లు కోర్టుకెక్కిన సంగతి మాత్రం మనలో చాలామంది చదవలేదు. చెరువు తమదనీ, అంటరానివాళ్లని దాని దగ్గరికి రానివ్వకపోవడం అనాదిగా వస్తున్న ఆచారమనీ వాళ్ల దావా. 1927 డిసెంబరు 14న వాళ్లకు తాత్కాలిక ఉత్తర్వు దొరికింది. డిసెంబరు 25న మళ్లీ చెరువు దగ్గరికి పోవాలనుకున్న సత్యాగ్రహం ఆగింది. ఆ రోజే అక్కడ మనుస్మృతి దగ్ధమయింది.

ఆ దావా పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంబేద్కర్ పక్షాన తీర్పు చెప్పింది. ఎందుకు గెలిచాం? అంటరానితనం తప్పు అని కోర్టు అన్నందుకు కాదు. దావా వేసింది సవర్ణులు గనక రుజువు భారం వాళ్ల మీద పడింది. ఆచారం "అనాదిగా" ఉందని వాళ్లు చూపించలేకపోయారు. తరతరాలుగా మన నాయనలూ తాతలూ ఒంటి మీద మోసిన ఆచారానికి కోర్టులో సాక్ష్యం చాలలేదు! అది మనకు కలిసొచ్చింది. కానీ రుజువయివుంటే తీర్పు ఎటు పోయేదన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ ప్రశ్నకి జవాబు 1950లో రాజ్యాంగం 17వ అధికరణతో వచ్చింది. అంటరానితనం రద్దయింది. అనాదిగా ఉందన్నా, నిన్ననే వచ్చిందన్నా ఆచారానికి ఇక విలువ లేదు.

ఆ అధికరణకి తోడుగా వచ్చింది 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం. 1976లో దీన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చారు. ఈ చట్టంలో 12వ సెక్షన్ ని మనవాళ్లందరూ ఒకసారి చదవాలి. చట్టంలో చెప్పిన నేరం షెడ్యూల్డు కులాల వ్యక్తి విషయంలో జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదంటే కాదని ముద్దాయే చూపించుకోవాలి. అంటే హోటల్లో వేరే గ్లాసు పెట్టినవాడి మనసులో ఏముందో మనం తవ్వి తీయనక్కరలేదు. అంతవరకు బాగుంది. మరి శిక్ష? 1955లో గరిష్ఠంగా ఆరు నెలల జైలు, లేదా 500 రూపాయల జరిమానా, లేదా రెండూ. రుజువు తేలిక, శిక్షా తేలికే.

తర్వాతి ముప్పై ఏళ్లలో దాడుల రూపం మారింది. చదువుకుని, కూలిరేటు అడిగి, ఓటు తానే వేస్తానన్న దళితుడి మీద గుంపులు గుంపులుగా వచ్చి పడడం మొదలయింది. 1968 డిసెంబరు 25న తమిళనాడు కీళవెన్మణిలో 44 మందిని గుడిసెలో పెట్టి కాల్చేశారు. భూస్వాములు హైకోర్టులో విడుదలయ్యారు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు. అందులోంచి దళిత మహాసభ పుట్టింది. ఇట్లాంటి ఒత్తిడుల మధ్య 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ చట్టం ఎవరి దయాధర్మం వల్లా రాలేదని మనం చెప్పుకుంటూనే ఉన్నాం, చెప్పుకోవాలి కూడా. అయితే అందులోని వాక్యాలు ఎట్లా రాశారన్నది కూడా చదవాలి గదా.

పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాన్ని, అంటే హత్య, అత్యాచారం వంటివాటిని, బాధితుడు షెడ్యూల్డు కులం, తెగ వాడు అన్న "కారణంగా" చేస్తే యావజ్జీవ శిక్ష అని సెక్షన్ 3(2)(5) రాసింది. ఆ "కారణంగా" అన్న మాట దగ్గర 1955 నాటి వెసులుబాటు లేదు. గ్లాసు విషయంలో కోర్టు కులాన్ని తనంతట తాను ఊహించాలి. మానభంగం, హత్య విషయంలో మాత్రం కులమే కారణమని మనం రుజువు చెయ్యాలి! ఈ తేడా మా కళ్లబడిన రోజున మేము ఆ రెండు చట్టాలనూ మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాం.

దీని ఫలితం కాగితం మీదే ఉండిపోలేదు. ఆంధ్రలో 2011లో పుట్టుగుడ్డి అయిన ఒక దళిత యువతి మీద అత్యాచారం జరిగింది. ముద్దాయి ఆ ఇంటికి తెలిసినవాడే. 2021 ఏప్రిల్ లో సుప్రీంకోర్టు అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. కులం, స్త్రీత్వం, అంధత్వం మూడూ కలిసి మనిషిని ఎట్లా నలుపుతాయో ఆ తీర్పు చాలా వివరంగా రాసింది. అంత రాసీ, కులం కారణంగానే జరిగిందన్న రుజువు లేదని అత్యాచారాల చట్టం కింద వేసిన శిక్షను కొట్టేసింది.

చుండూరు చూద్దాం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని పొలాల వెంట తరిమి చంపారు. కొన్ని శవాల్ని గోనె సంచుల్లో కట్టి తుంగభద్ర కాలువలో వేశారు. చనిపోయినవాళ్లని ఊరి మధ్యనే పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. పోరాడి ప్రత్యేక కోర్టుని ఊళ్లోకే రప్పించుకున్నారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. పదహారేళ్లకి! 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు ఏ సమయంలో, ఏ చోట, ఎవరి చేతిలో చనిపోయారన్నది రుజువు కాలేదన్నది సారాంశం. ఆ తీర్పు మీద అప్పీళ్లు సుప్రీంకోర్టుకి పోయాయి.

వందలమంది ఆయుధాలతో తరుముతుంటే ప్రాణాలరచేత పట్టుకుని చేలల్లో పరుగెత్తిన మనిషి, ఎన్ని గంటలకి ఎవడు ఏ చేత్తో కొట్టాడో చెప్పాలి. ఏళ్లు గడిచాక బోనులో నిలబడి, ముందు పోలీసులకి చెప్పినట్టే చెప్పాలి. మహద్ లో "అనాది" నుంచి ఉన్నదాన్ని సవర్ణులు చూపలేకపోయారు. చుండూరులో ఒక్క పూటలో జరిగినదాన్ని మనం చూపలేకపోయామని రాశారు. రుజువు భారం ఎటు వాలితే న్యాయం అటు వాలిందన్నది ఈ రెండు తీర్పుల్నీ కలిపి చదివితేనే తెలుస్తుంది.

అట్లాగని చట్టం పనికిరాదని పక్కన పడేద్దామా? మేము ఆ మాట అనం. ఆ వాక్యాలు మారాయి, మార్చగలిగాం. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ "కారణంగా" అన్న మాట తీసి, బాధితుడి కులం "తెలిసి" చేస్తే చాలని రాసింది. బాధితుడితో గాని, వాళ్ల కుటుంబంతో గాని ముద్దాయికి పరిచయం ఉంటే కులం తెలుసుననే కోర్టు భావించాలని 8వ సెక్షన్ లో చేర్చింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అరెస్టులకి ముందస్తు అనుమతులు పెట్టినప్పుడు, ఏప్రిల్ 2న దేశమంతా జనం రోడ్డెక్కారు. ఆ ఆగస్టులోనే పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరులో కోర్టు ఆ ఆదేశాల్ని తానే వెనక్కి తీసుకుంది. ఒక్కొక్క మాట వెనుక ఇంత పోరాటం ఉంది.

అందుకే విద్యార్థులకీ, ఉపాధ్యాయులకీ, కార్యకర్తలకీ మేము చెప్పేది ఇది. ఊళ్లో పదిమంది కూచుని ఒక తీర్పు చదవండి. కేసు ఎక్కడ జారిపోయిందో గుర్తు పెట్టుకోండి. ఫిర్యాదు ఆలస్యమయిందా, కులం పేరు రాయలేదా, డి.ఎస్.పి. చెయ్యాల్సిన దర్యాప్తు కిందివాడు చేశాడా? తర్వాతి కేసులో మొదటి రోజే ఆ బొక్క పూడ్చొచ్చు. సవరించిన 4వ సెక్షన్ ప్రకారం నోటితో చెప్పిన ఫిర్యాదుని పోలీసు రాసి, వేలిముద్రో సంతకమో తీసుకునే ముందు చదివి వినిపించాలి. అది వాళ్ల విధి, తప్పితే నేరం. స్టేషన్లో మన అవ్వ ముందు ఆ కాగితం పెట్టిన రోజున "చదివి వినిపించండి" అని అడిగే మనిషి ఒకరు ఆమె పక్కన ఉండాలి. ఆ మనిషిని తయారు చెయ్యడానికే ఈ చదువు.