గాలికి పూచీకత్తు

గుడివాడలో మా బాబాయి కరెంటు బిల్లును పంచాంగం చూసినట్టు చూస్తాడు. పైనుంచి కిందదాకా ఒక్క గడి వదలడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ట్రూ-అప్ అన్న వరస మీద వేలుపెట్టి, "గాలిమరలేమో అనంతపురంలో తిరుగుతాయంట, మీటరేమో మనింట్లో తిరుగుతోందిరా అబ్బాయ్" అన్నాడు. ట్రూ-అప్ అంటే డిస్కంలు ముందుగా వేసుకున్న అంచనాకూ, తర్వాత నిజంగా అయిన ఖర్చుకూ ఉన్న తేడా. అందులో బొగ్గు ఉంటుంది, బయట కొన్న కరెంటు ఉంటుంది, గాలి ఒక్కటే కాదు. ఆ మాటే చెప్పాను. ఆయన వినలేదు.

బాబాయికి మండవల్లి దగ్గర రొయ్యల చెరువుంది. ఏరియేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోయి జనరేటర్ కూడా మొండికేస్తే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం ఆక్వా రైతులకు యూనిట్ ధర రూపాయిన్నరకు తగ్గించింది. మిగతాది ఖజానా భరించాలి. "మరి ఇదేంటి బాబాయ్?" అనడిగాను. "అది వేరు" అన్నాడు.

ఆ "అది వేరు" నన్ను బెంగళూరు దాకా వెంటాడింది. పవన విద్యుత్తుకి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలా వద్దా అన్న చర్చలో రెండువైపులా నేను విన్న వాదనలు ఎక్కువగా ఈ మాట చుట్టూనే తిరుగుతాయి. నాకొచ్చేది సహాయం, పక్కవాడికెళ్ళేది దుబారా. మేం డెల్టావాళ్ళం ఈ మాట అనేముందు కాస్త కాలువ వైపు చూడాలి.

1832-33లో గుంటూరు జిల్లాలో డొక్కల కరువొచ్చింది. కృష్ణ పక్కనే పారుతుండగా జనం ఆకలికి చచ్చిపోయారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1852లో, బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట పని మొదలైంది. వెనకున్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, కట్టించింది కెప్టెన్ ఆర్. 1855కి పూర్తయింది. ఈస్టిండియా కంపెనీ దీన్ని ధర్మానికి కట్టలేదు. శిస్తు పెరుగుతుందని కట్టింది, పెరిగింది కూడా. అయినా పెట్టుబడి ఖజానాది, పోతే నష్టమూ ఖజానాదే. బందరు కాలువా, గుడివాడ వైపొచ్చే రైవస్ కాలువా ఆ లెక్కలోంచి పుట్టినవే. 1952లో పాత ఆనకట్ట తెగిపోతే దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ కట్టిందీ ప్రభుత్వమే. ఇన్ని తరాల తర్వాత మాకు కాలువ అంటే ఎవరో డబ్బుపెట్టి తవ్వించిన వస్తువులా కనపడదు. ఏరులాగా, వానలాగా అదీ ప్రకృతే అనుకుంటాం.

దివిసీమ కథ ఇంకా ఆసక్తికరం. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి ఆ గడ్డని దీవిని చేసింది. కాలువ నీరు నదిని దాటి అటు పోలేదు. అందుకని ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకంలో మద్రాసు ప్రభుత్వం అక్కడ పంపింగ్ స్టేషన్ పెట్టి, డీజిల్ ఇంజన్లతో నది నీటిని పొలాలకి తోడిపోయించింది. రుడాల్ఫ్ డీజిల్ తయారుచేసిన ఇంజను సరిగ్గా పనిచేసి చూపించింది 1897లో. అంటే పదేళ్ళు దాటీదాటని యంత్రం తెచ్చి కృష్ణ ఒడ్డున నిలబెట్టారన్నమాట. మా భాషలో చెప్పాలంటే బీటా వెర్షన్‌ని ప్రొడక్షన్‌లో పెట్టారు, ఆ సాహసానికయ్యే ఖర్చు సర్కారు పెట్టుకుంది. తర్వాత పులిగడ్డ అక్విడక్టు వచ్చి కాలువే నదిని దాటింది. నాగాయలంక, కోడూరు పొలాల్లో నిలబడి, కొత్తరకం ఇంధనానికి ప్రభుత్వం డబ్బెందుకు పెట్టాలి అనడగడం కొంచెం ఇబ్బందే.

అలాగని ప్రభుత్వం పెట్టిన ప్రతి పైసా ఇలాగే పండిందనుకుంటే పొరపాటు. అదే కృష్ణ పరీవాహకంలో, డెల్టాకి పైన, ఇంకో కాలువ ఉంది. కర్నూలు-కడప కాలువ. దీని వెనకా కాటనే ఉన్నాడు. కానీ దీన్ని ప్రభుత్వం నేరుగా కట్టలేదు. లండన్‌లో వాటాలమ్మి డబ్బు పోగుచేసిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ, తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి 1860ల్లో తవ్వించింది. ప్రభుత్వం చేసిందల్లా పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి పూచీపడటం. అప్పట్లో రైల్వే కంపెనీలకు ఇస్తున్న పూచీ కూడా ఇదే. కాలువ పండినా ఎండినా వాటాదారుడి 5 శాతం వాటాదారుడిది.

ఖర్చు తగ్గించాలన్న తొందర ఎవరికుంటుంది? తవ్వకం ఖర్చు అంచనాలు దాటింది. నల్లరేగడి రైతులు ఆ నీటిని కంపెనీ అనుకున్నంతగా వాడలేదు. కాలువ నీళ్ళు డబ్బు కాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనేసుకుంది. గాలికి పోయే కంపని ఒంటికి తగిలించుకోవడమంటే ఇదే. ఇన్నాళ్ళ వడ్డీలూ కట్టింది లండన్ కాదు, ఇక్కడి శిస్తు.

ఒకే నది నీళ్ళు, ఒకే ఇంజనీరు కల, రెండు రకాల సర్కారు డబ్బు. ఒకచోట ప్రభుత్వం పనికి డబ్బు పెట్టింది, ఇంకోచోట పెట్టుబడికి పూచీపడింది. గాలి విషయంలో మనం ఈ రెండూ చేశాం.

ముందు మంచి సంగతి. బందరుకి గాలి కొత్త కాదు. 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ అనే ఓడ ఇక్కడ ఆగిందంటే గాలివాటునే. నైరుతి గాలికి ఓడలు రావడం, ఈశాన్య గాలులు ముదిరేలోగా తీరం వదిలిపోవడం, ఆ ఊరి వ్యాపారానికి అదే క్యాలెండర్. అదే గాలి 1864 నవంబరు 1 రాత్రి సముద్రాన్ని ఊళ్ళోకి తెచ్చి ముప్పై వేలమంది దాకా పొట్టనపెట్టుకుంది. 1977 నవంబరు 19న దివిసీమ. అధికారిక లెక్కే పదివేల దగ్గర ఉంది. మా నాయనమ్మ దాన్ని తుఫానని ఎప్పుడూ అనలేదు, ఉప్పెన అనేది. ఆ తర్వాత తీరం వెంబడి తుఫాను షెల్టర్లు లేచాయి, బందరులో వాతావరణశాఖ రాడార్ పెట్టింది. ఆ రాడార్ యూనిట్‌కి ఎంత సంపాదిస్తోందని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

గాలిని కనిపెట్టుకుని ఉన్న ఆ శాఖ నుంచే అన్నా మణి వచ్చింది. 1976లో రిటైరయ్యాక ఆవిడ దేశంలో వందల చోట్ల గాలి వేగాన్ని కొలిపించే పని భుజానికెత్తుకుంది. ఏ కొండ మీద ఏ నెలలో ఎంత గాలి వీస్తుందో లెక్కలు పుస్తకాలుగా వచ్చాయి. గాలిమర ఎక్కడ పాతాలో తెలియాలంటే ముందు ఆ అంకెలు కావాలి. ఏ కంపెనీ అయినా తన డబ్బుతో కొలిస్తే ఆ లెక్కను దాచుకుంటుంది తప్ప అందరికీ పంచదు. ఇలాంటి ఖర్చు ప్రభుత్వం పెట్టాలా అన్నది నా దృష్టిలో చర్చే కాదు.

రాయలసీమ కొండల మీద వీచినంత నిలకడగా మా తీరంలో గాలి వీయదు. సముద్రంలో మరలు పెట్టడానికి 2024లో కేంద్రం ప్రకటించిన రూ. 7,453 కోట్ల పథకం కూడా గుజరాత్, తమిళనాడు తీరాలకే. కాబట్టి ఈ కథలో డెల్టా పాత్ర బిల్లు కట్టడమే. బాబాయి కోపంలో ఆ మేరకు న్యాయముంది.

ఇక రెండో రకం డబ్బు. 1990ల్లో గాలిమర ఖరీదు మొత్తాన్ని మొదటి ఏడాదే తరుగుదలగా చూపించి పన్ను తగ్గించుకోనిచ్చారు. మర పాతితే చాలు లాభం, తిరిగిందా లేదా అన్నది తర్వాతి మాట. అది తప్పని తెలిసి 2009 డిసెంబరులో యూనిట్‌కి యాభై పైసల ప్రోత్సాహకం తెచ్చారు. కరెంటు పుడితేనే డబ్బు. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, కర్నూలు కాలువకూ డెల్టా కాలువకూ ఉన్న తేడా ఇదే.

రాష్ట్రంలో మళ్ళీ కథ తిరగబడింది. 2015 తర్వాత పవన విద్యుత్తు ధరని నియంత్రణ మండలి ఖర్చుల లెక్కగట్టి, పెట్టుబడి మీద రాబడి కూడా కలిపి ఖరారు చేసింది. యూనిట్‌కి రూ. 4.84 దాకా, 25 ఏళ్ళపాటు. 2014లో వెయ్యి మెగావాట్లు కూడా లేని రాష్ట్రం 2019కి నాలుగు వేలకు చేరింది. ఈలోగా, 2017 ఫిబ్రవరిలో, కేంద్రం వేసిన మొదటి పవన విద్యుత్ వేలంలో ధర రూ. 3.46కి దిగింది. మరల ధరలు పడిపోతున్నాయని అందరికీ తెలుస్తూనే ఉంది. మన ఒప్పందాలకే తెలియలేదు.

డెన్మార్క్‌లో 1979లో గాలిమర పెట్టుకునేవాళ్ళకి ఖరీదులో 30 శాతం ఇచ్చారు. రిసోలోని పరీక్షా కేంద్రం పాసుచేసిన మరలకే ఇచ్చారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గిస్తూ 1989లో పూర్తిగా ఎత్తేశారు. మా ఫీల్డులో దేనికైనా ఎక్స్‌పైరీ డేట్ పెట్టకుండా డిస్కౌంట్ కోడ్ ఇస్తే మేనేజర్ ఊరుకోడు. మనవాళ్ళు పెట్టిన ఎక్స్‌పైరీ పాతికేళ్ళు.

2019 జులై 1న కొత్త ప్రభుత్వం జీవో 63 ఇచ్చి ఒప్పందాలు తిరగదోడే కమిటీ వేసింది. రూ. 4.84 కాదు, రూ. 2.43 కే ఇవ్వమంది. వివాదం హైకోర్టుకెక్కింది. మధ్యంతరంగా రూ. 2.43 చొప్పున కట్టమన్న ఆదేశాన్ని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ పక్కనపెట్టి, ఒప్పందం ప్రకారమే కట్టమంది. జీవో వచ్చినప్పుడు నేను మనసులో చప్పట్లు కొట్టినవాణ్ణే. ఇప్పుడలా అనుకోవట్లేదు. ఒప్పందం చెడ్డదే. కానీ దాన్ని మధ్యలో విరగ్గొడితే, ఈ రాష్ట్రంలో తర్వాత పెట్టుబడి పెట్టేవాడు ఆ భయానికి కూడా వడ్డీ వేసుకుంటాడు. ఆ వడ్డీ మళ్ళీ ట్రూ-అప్ వరసలోకే వస్తుంది. అయితే ఇక్కడే నాకో ముల్లు గుచ్చుకుంటుంది. తెల్లదొరలు 5 శాతం మాటని తప్పలేదు, రైతు శిస్తుతో నిలబెట్టుకున్నారు. పక్కవాడి జేబుతో నిలబెట్టుకునే మాటని ఎంత గొప్పగా చెప్పుకోవాలో నాకు తేలలేదు.

కాబట్టి నన్నడిగితే, సబ్సిడీ ఇవ్వాలి. కొలవడానికివ్వాలి, లైన్లు వేయడానికివ్వాలి, కొత్త యంత్రం మొదటిసారి పాతేటప్పుడు ఇవ్వాలి. ధర మాత్రం వేలంలో తేలాలి. తేలాక, ఏ పార్టీ వచ్చినా అదే కట్టాలి.

బాబాయికి ఫోన్లో కర్నూలు-కడప కాలువ సంగతంతా చెప్పాను. కంపెనీ చేతులెత్తేయడం, ప్రభుత్వం కొనుక్కోవడం, అన్నీ. ఓపిగ్గా విని, "ఇప్పుడా కాలువ పారుతోందా?" అనడిగాడు. పారుతోంది. రెండున్నర లక్షల ఎకరాల పైచిలుకు ఆయకట్టు దానికింద. ఎవరి డబ్బుతో ఎంత తప్పు లెక్కతో తవ్వారో అక్కడి వరికి తెలియదు. ఆ మాటంటే బాబాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఈ నెల బిల్లు ఇంకా పెరిగిందిరా, ఫోటో తీసి పంపుతా చూడు" అన్నాడు.