గన్నవరం–రేణిగుంట: విమాన దూరం, ప్రయాణ కాలం

విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికీ, తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంటకూ గగనమార్గాన దూరం సుమారు 350 కి.మీ., అంటే దాదాపు 190 నాటికల్ మైళ్లు. గూడూరు మీదుగా వెళ్లే రైలు దారి ఇంతకన్నా ఎక్కువే. గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో పోయే ఏటీఆర్ 72 విమానానికి ఈ దూరం లెక్కప్రకారం 42 నిమిషాలు. టికెట్ మీది సమయం మాత్రం అంతకంటే ఎక్కువగా ఉంటుంది, అలా ఉండడమే సబబు. చక్రాల కింది అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి అవతల మళ్లీ ఆగేదాకా లెక్కగట్టే ఆ వ్యవధిని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా నడక, ఎత్తుకు ఎక్కడం, దిగే ముందు రన్‌వేకు ఎదురుగా తిరగడం అన్నీ అందులోవే.

జెట్ అయితే సగంలో చేరదా అని అడగవచ్చు. చేరదు, ఇంత తక్కువ దూరంలో అది పూర్తి వేగం అందుకుని నిలిచేది కొద్ది నిమిషాలే, నేల మీది సమయమా తగ్గదు. గాలి ప్రభావమూ స్వల్పమే: గంటకు 50 కి.మీ. ఎదురుగాలి వీచినా ఏటీఆర్‌కు పెరిగేది సుమారు 5 నిమిషాలు. రేణిగుంట నుంచి తిరుపతి ఊళ్లోకి రోడ్డు ప్రయాణం అంతకన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది.