కోతకు ముందు సూది

తొలినాళ్ల సిజేరియన్‌లో తల్లి ప్రాణం తీసినవి ముఖ్యంగా రెండు: రక్తస్రావం, చీము. 1876లో ఇటలీలోని పావియాలో ఎడ్వార్డో పొర్రో బిడ్డతోపాటు గర్భసంచినీ తీసేసి తల్లిని బతికించాడు. 1882లో జర్మన్ వైద్యుడు మాక్స్ సాంగర్ గర్భసంచిని ఉంచి, దానికి కుట్లు వేసే పద్ధతి చెప్పాక నెత్తురు చాలావరకు అదుపులోకి వచ్చింది. చీము మిగిలిపోయింది. 1936లో లండన్‌లోని క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రూక్ ప్రాంటోసిల్ అనే సల్ఫా మందుతో బాలింత జ్వరం మరణాలను బాగా తగ్గించాడు. పెన్సిలిన్ ఆ తర్వాత వాడుకలోకి వచ్చింది. కానీ ఇదంతా జ్వరం పట్టుకున్నాక చేసే వైద్యమే.

జబ్బు రాకముందే మందు ఇవ్వాలంటే ఏ వేళకు ఇవ్వాలి? దీనికి జవాబు గినీ పందుల మీద దొరికింది. 1961లో అమెరికన్ సర్జన్ జాన్ బర్క్ వాటి చర్మంలోకి క్రిములు ఎక్కించి, వేర్వేరు వేళల్లో మందు ఇచ్చి చూశాడు. క్రిములు చేరేసరికే మందు ఒంట్లో ఉంటే పుండు అంతగా పెరగలేదు. మూడు గంటలు దాటాక ఇస్తే ఇవ్వనట్టే అయింది. 1992లో సాల్ట్ లేక్ సిటీలో 2,847 మంది రోగుల లెక్క తీస్తే, కోతకు ముందు రెండు గంటలలోపు మందు అందినవారికే గాయం చీము పట్టడం అతి తక్కువ.

ప్రసూతి వైద్యులు మాత్రం చాలాకాలం ఈ దారికి రాలేదు. బిడ్డ బయటికొచ్చి, బొడ్డుతాడుకు క్లాంపు పడ్డాకే సిరంజి అందుకునేవారు. అప్పటికి గర్భసంచి తెరిచి కొన్ని నిమిషాలు అయిపోయేవి. క్రిములు గాయంలో చేరిపోయేవి. మందు మాయ దాటి బిడ్డకు చేరుతుందని, పసికందుకు ఇన్ఫెక్షన్ ఉంటే దాన్ని కప్పేస్తుందని వారి భయం. అర్థంలేని భయమేమీ కాదు, కానీ దాని మూల్యం తల్లి చెల్లించింది. 2007లో దక్షిణ కరోలినాలో జరిగిన పరీక్షలో, కోతకు ముందు సెఫజోలిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన తల్లులకు ఇన్ఫెక్షన్లు తగ్గాయి, బిడ్డలకు హాని కనబడలేదు. 2010లో అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘం, 2011లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోతకు ముందే ఇవ్వాలన్నాయి.

చిక్కు ఎమర్జెన్సీలో ఉంది. గంటల తరబడి నొప్పులు, పగిలిన ఉమ్మనీటి సంచి, పదేపదే లోపలి పరీక్షలు: క్రిములు కత్తి కంటే ముందే పైకి పాకి ఉంటాయి. ముప్పు ఎక్కువున్న చోటే సమయం తక్కువ, హడావుడిలో సూది మరుగున పడేదీ అక్కడే. అందుకే 2010 నాటి సూచన కోతకు ముందు 60 నిమిషాలలోపు అంటూనే, అంత వ్యవధి లేకపోతే కోత తర్వాతైనా వీలైనంత త్వరగా ఇవ్వమంది.

2016లో అమెరికాలోని 14 ఆసుపత్రుల్లో 2,013 మంది తల్లులపై మరో పరీక్ష ఫలితం వచ్చింది. అందరూ నొప్పుల్లోనో, ఉమ్మనీరు పోయాకో, ముందుగా అనుకోని సిజేరియన్‌కు వచ్చినవారే. మామూలు మందుకు 500 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్ జోడిస్తే ఇన్ఫెక్షన్లు 12 శాతం నుంచి 6.1 శాతానికి దిగాయి. మామూలుగా ఇచ్చే సెఫజోలిన్ క్రిమి కణకవచాన్ని దెబ్బతీస్తుంది. యూరియాప్లాస్మా అనే క్రిమికి ఆ కవచమే లేదు. అజిత్రోమైసిన్ ఆ లోటు పూడ్చింది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్‌లే. ఇంతమంది తల్లుల్లో ఒక్కొక్కరికీ నివారణకు సాధారణంగా ఒక్క డోసు చాలు. ఆపరేషన్ ఎక్కువసేపు సాగినా, రక్తం ఎక్కువగా పోయినా మరో డోసు వేస్తారు.