చంద్రుడి చాటు దాటిన లెక్క

చంద్రుడి అవతలి వైపు దిగిన మనిషి రేడియోలో పిలిస్తే ఆ పిలుపు భూమికి చేరదు. చంద్రుడే అడ్డం. అపోలో సన్నాహాలు సాగుతున్న రోజుల్లో రాబర్ట్ ఫార్కర్ ఈ చిక్కుకు దారి వెతికారు. 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన చంద్రుడి వెనకున్న ఎల్2 బిందువు మీద దృష్టి పెట్టారు. బలాలు సరితూగే ఇలాంటి చోట్లను గణితజ్ఞులు ఆయిలర్, లాగ్రాంజ్ 18వ శతాబ్దంలోనే లెక్కగట్టారు; వీటిని లాగ్రాంజ్ బిందువులంటారు. అయితే ఉపగ్రహాన్ని సరిగ్గా ఎల్2 మీదే నిలిపితే అదీ చంద్రుడి చాటునే ఉండిపోతుంది. భూమి నుంచి చూస్తే చంద్రబింబం బయట వలయంలా కనిపించేంత పెద్ద దారిలో దాన్ని తిప్పాలి. అదే హాలో కక్ష్య.

లెక్క అంత సులువుగా లొంగలేదు. ఎల్2 దగ్గర చిన్నగా ఊగే వస్తువు పక్కలకు ఊగడానికి పట్టే కాలం వేరు, పైకీ కిందికీ ఊగడానికి పట్టే కాలం వేరు. అందువల్ల దారి మూసుకోదు; ఎప్పుడో ఒకప్పుడు ఉపగ్రహం చంద్రుడి చాటుకు పోతుంది. ఇంజిన్‌తో ఆ రెండు కాలాలనూ కలపాలన్నది ఫార్కర్ తొలి ఆలోచన. 1973లో అహ్మద్ కమెల్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనలో అంతకన్నా అందమైన సంగతి తేలింది: ఊపు తగినంత పెద్దదైతే రెండు కాలాలూ వాటంతటవే ఒకటవుతాయి. బయల్దేరిన చోటికే వచ్చి ఉపగ్రహం మళ్లీ అదే దారి పడుతుంది. నా దృష్టిలో ఈ కథకు గుండెకాయ ఇదే. ఒకదాన్నొకటి లాక్కునే మూడు వస్తువుల సమస్యలోకి చొరబడాలంటే ఇలా తిరిగొచ్చే దారులే ఆధారమని 19వ శతాబ్ది చివర్లోనే గణితజ్ఞుడు పాంకారే గ్రహించారు.

అపోలో వ్యోమగాములెవరూ అవతలి వైపు దిగలేదు. ఆ తర్వాత ఫార్కర్ తన ఆలోచనను సూర్యుడి వైపు తిప్పారు. భూమికి సూర్యుడి దిక్కున 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో లాగ్రాంజ్ బిందువు ఎల్1 దగ్గర ఇబ్బంది మరో రకం: ఉపగ్రహానికి సరిగ్గా వెనక సూర్యుడుంటే ఆ రేడియో రొదలో దాని సంకేతాలు మునిగిపోతాయి. హాలో కక్ష్య దాన్ని సూర్యబింబానికి ఎడంగా ఉంచుతుంది. 1978 ఆగస్టులో బయల్దేరిన ఐఎస్ఈఈ-3 నవంబరులో అక్కడికి చేరింది. లాగ్రాంజ్ బిందువు చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే.

చంద్రుడి వెనక వలయం మాత్రం 2018 దాకా ఆగింది. ఆ ఏడాది చైనా పంపిన క్యూచావ్ ఉపగ్రహం ఎల్2 హాలో కక్ష్యలో నిలిచి, 2019 జనవరి 3న అవతలి వైపు దిగిన చాంగ్‌ఎ-4 మాటను భూమికి చేర్చింది. అది చూడకుండానే 2015లో ఫార్కర్ కన్నుమూశారు.

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 తిరుగుతున్నదీ సూర్యుడి వైపు ఎల్1 దగ్గర ఇలాంటి కక్ష్యలోనే. తొలి చుట్టుకు 178 రోజులు పట్టింది. 2024 జూలై 2న అది పూర్తయింది.