గాలిలో కట్టు కట్టేదెవరు?

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు అప్పటికి విశాఖపట్నం జిల్లాలో భాగమే. ఆ తీరానికి కాపలా కాసింది విశాఖలోని ఆరో నంబరు కోస్టల్ డిఫెన్స్ ఫ్లైట్. వాళ్లకిచ్చినవి పైకప్పు లేని పాత వాపిటి విమానాలు. ముందు సీట్లో పైలట్, వెనక సీట్లో తుపాకీవాడు. దెబ్బ తగిలితే కిందికి దిగేదాకా వాళ్లను చూసే డాక్టరు లేడు.

అలాంటివాళ్ల కోసం పుట్టిన మందుల సంచీకి మూలం సిపాయి జేబులో ఉంది. 1870లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధం నాటికే ప్రష్యా సర్జన్ ఎస్మార్క్ సైనికుల చేతికి కట్టుగుడ్డ ఇప్పించాడు. బ్రిటిష్ సైన్యం 1884లో ఆ దారి పట్టింది. దూది, గాజుగుడ్డ, పిన్నీసులు తడి తగలని పొట్లంలో ఉండేవి. మొదటి ప్రపంచ యుద్ధంలో అయోడిన్ గొట్టం చేరింది. 1912లో పుట్టిన రాయల్ ఫ్లయింగ్ కోర్ సైన్యంలో భాగమే కాబట్టి వైమానికుడికీ అదే పొట్లం.

కానీ సిపాయిని మోసుకెళ్లడానికి పక్కన మనుషులుంటారు. వైమానికుడి చేతులకు మందపాటి తొడుగులు, ఎదురుగా పెట్రోలు. అసలు శత్రువు మంట.

కాలిన గాయానికి టానిక్ యాసిడ్ పూయమని 1925లో అమెరికా డాక్టర్ డేవిడ్సన్ చెప్పాడు. తోళ్లు ఊనడానికి వాడే పదార్థమే అది. గాయం మీద గట్టి పెచ్చు కడుతుంది, నొప్పి తగ్గుతుంది. ఆ జెల్లీ గొట్టాలు ప్రథమ చికిత్స పెట్టెల్లోకి చేరాయి. 1940లో ఇంగ్లండు మీద గగన యుద్ధం సాగినప్పుడు దాని కీడు బయటపడింది. పెచ్చు బిగిసి వేళ్లు వంకర్లు పోయేవి, రెప్పలు మూతపడేవి కావు. మేలు చేద్దామని పూసిన మందు ఇరవయ్యేళ్ల కుర్రాళ్ల చేతులు చెరిపిందంటే గుండె తరుక్కుపోతుంది. సముద్రంలో పడినవాళ్ల గాయాలు నయంగా ఉన్నాయని ఇంగ్లండులోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రి సర్జన్ మెకిండో గమనించాడు. ఉప్పునీటి స్నానాలు, వాజలీన్ పట్టించిన పలచటి గుడ్డ వాడాడు. ముఖానికి, చేతులకు టానిక్ యాసిడ్ మానేయాలని పట్టుబట్టాడు, మాన్పించాడు.

నొప్పికి, సూది బిగించిన చిన్న గొట్టంలో మార్ఫిన్ ఉండేది. పళ్లపేస్టు గొట్టంలా నొక్కితే చాలు, సూదిలోంచి మందు ఒంట్లోకి దిగుతుంది, ఒంటిచేత్తోనైనా పొడుచుకోవచ్చు. తెలియక రెండో మోతాదు ఇస్తే ప్రాణం పోవచ్చు. అందుకే గాయపడినవాడి నుదుటి మీద ‘ఎం’ అని, పక్కన మందిచ్చిన వేళ రాసి ఆసుపత్రికి పంపేవారు.