సీట్లాట, సుప్రీంకోర్టు, మా మేనల్లుడు

మేం బడిలో చదివింది తమిళం. తెలుగు రాత పెద్దయినాక నేర్చుకున్నది, తప్పులుంటే సర్దుకోండి.

"మామా, రమ్మీ జూదం కాదు, తెలివితో ఆడే ఆట. సుప్రీంకోర్టే చెప్పింది." సెల్‌ఫోన్ ఆటలో లక్షన్నర పోగొట్టుకున్న మేనల్లుడు మాతో అన్న మాట ఇది. కోపం వచ్చింది. కానీ వాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. పైగా పెండ్లి మండపంలో జంపఖానా మీద కూర్చోబెట్టి వాడికి పదమూడు ముక్కలు పట్టుకునేది నేర్పింది మేమే. అందుకే ఆ తీర్పు సంగతీ, మా ఆట సంగతీ రాస్తున్నాం.

1963 మే 4న సికింద్రాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసినారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడతా ఉన్నారు. మేజిస్ట్రేటు శిక్ష వేసినాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఢిల్లీకి పోయింది. 1967 నవంబరు 22న సుప్రీంకోర్టు ఆ అప్పీలు తోసేసింది. మూడు ముక్కలాట ఒట్టి అదృష్టం, రమ్మీ అట్ల కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాల, ఏది ఉంచుకునేది ఏది పారేసేది అనేదానికి నేర్పు కావాల అనేది ఆ తీర్పు సారం.

పడిన ముక్కలంటే ఎవరివి? ఎదుటివాళ్ళవి. అంటే నేర్పంతా మనిషిని చదివేదానిలోనే ఉంది. మా జమా చెప్తే మీకు తెలుస్తుంది.

మా బావ పిరికి. చేయి బాగలేకుంటే మొదట్లోనే పడేస్తాడు, 20 పోతే పోనీ అని. అట్లాంటాయన ఒకసారి పడేయకుండా కూర్చున్నాడంటే చేతిలో సీక్వెన్సు ఉన్నట్టే. మేం వెంటనే రాజులు, రాణులు వదిలించుకునేవాళ్ళం. మాతో బుకింగ్ ఆఫీసులో పనిచేసిన స్నేహితుడు దానికి తలకిందులు. ఎంత చెత్త వచ్చినా ఆడతాడు, 80 నెత్తిన పెట్టుకుని నవ్వుతాడు. ఆయన ఒక్కడే ఎదురుగా మిగిలితే నడిమిరకం చేయితోనైనా ఓపికగా ఆడొచ్చు. కానీ ఆయన మన తర్వాత చేయి వేసేవాడైతే వేరే సంగతి. ఆటీను 7 తీసుకున్నాడంటే ఆ పక్క 6, 8 మన చేతిలోంచి కదలకూడదు.

అందరికంటే కష్టం చిన్నాయన. ఇస్పేటు 7, 8 చేతిలో పెట్టుకుని ఆటీను 9 పడేస్తాడు. ఈయనకు తొమ్మిదులు అక్కరలేదనుకుని మేం ఇస్పేటు 9 వేస్తే, తీసుకుని షో! ఇట్ల ఎన్ని దీపావళులు మోసపోయినామో లెక్కలేదు. తర్వాత మేమూ అదే ఎర నేర్చుకుని ఆ బుకింగ్ స్నేహితుని మీద వేసినాం. ఏమీ పనిచేయలేదు. ఆయన మా ముక్కలు చూస్తే కదా! ఎర వేయాలంటే చూసే చేప ఉండాల.

పోకరులోనూ ఇదే కథ. అక్కడ పారేసిన ముక్కలు లేవు, ఎవరు ఎంత పందెం ఎప్పుడు పెంచినారు అనేదే మాట. పిరికివాడిని ఒట్టి బెదిరింపుతో లేపొచ్చు. ఎంత పెంచినా సరే అని డబ్బు వేసేవాడి ముందర బెదిరింపు దండగ. వాడితో మంచి చేయి వచ్చేదాకా కాచుకోవాల.

ఇప్పుడు సెల్‌ఫోన్‌కు వస్తాం. అందులో మన తర్వాత చేయి వేసేవాడు ఎవరు? ఒక మారుపేరు, ఒక బొమ్మ. రెండు ఆటలయినాక మారిపోతాడు. పిరికివాడో మొండివాడో తెలిసేలోపల బల్లే మారిపోతుంది. మనిషేనా అనేదీ తెలియదు. 2017 జనవరిలో అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రేటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాము నలుగురు పేరుమోసిన పోకరు ఆటగాళ్ళతో 20 రోజులు, 1,20,000 చేతులు ఆడి గెలిచింది. వాళ్ళు పగలంతా దాని లోపం వెతికేది, రాత్రికి అది ఆ లోపం పూడ్చుకునేది. మా చిన్నాయన కూడా దాని ముందర ఏం చేస్తాడు?

ఇంకొకటి. అదే 1967 తీర్పులో, ఆడించే ఇల్లో క్లబ్బో ఆట మీద లాభం తీస్తే నేరం కావచ్చు అని కూడా ఉంది. మేనల్లుడికి ఎవరో తీర్పులో మొదటి సగం మాత్రమే చెప్పినారు. ప్రతి ఆటలోనూ కంపెనీ కమీషన్ పట్టుకునేది, ఎవరు ఓడినా దానికి నష్టం ఉండేది కాదు.

తర్వాత ప్రభుత్వాలు చట్టాలు తెచ్చినాయి. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో. మా తమిళనాడు 2021లో తెచ్చినదాన్ని మద్రాసు హైకోర్టు కొట్టేసింది. మళ్ళీ తెచ్చినదానిలో రమ్మీ, పోకరు సంగతి మాత్రం 2023 నవంబరులో అదే కోర్టు తీసేసింది, నేర్పు ఆటలని. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటే, నేర్పైనా అదృష్టమైనా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు కూడదని చట్టం చేసింది.

ఈ పొంగలికి మేనల్లుడు ఇంటికి వచ్చినాడు. జంపఖానా పరిచి, పాయింట్లకే, రెండు కట్టలు కలిపినాం. వాడు చేయి మంచిగానే పేర్చినాడు. కానీ తలెత్తలేదు. నాలుగు రౌండ్లయినాక అడిగినాం, "ఇందాక చిన్నాయన ఏం తీసుకున్నాడురా?"

"చూడలేదు మామా" అన్నాడు.